స్పెయిన్ ఊళ్ల పేర్లు: 'యూదులను చంపు' అనే పేరు వద్దని ఓటేసిన గ్రామం.. మాడ్రిడ్, లియోన్ పేర్ల అర్థం తెలుసా?

ఊరి పేరు మార్చాలా వద్దా? ఈ ఒక్క ప్రశ్న మీద 2014 మే 25న స్పెయిన్‌లోని ఓ చిన్న గ్రామం ఓటేసింది. ఉత్తర స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రావిన్స్‌లో ఉన్న ఆ ఊళ్లో జనాభా అరవైకి అటూ ఇటూ. అప్పటికి దాని పేరు 'కాస్ట్రియో మాటాహుడియోస్'. కాస్ట్రియో అంటే చిన్న కోట. మాటాహుడియోస్ అంటే 'యూదులను చంపు' అని అర్థం. పేరు మార్చాలని 29 మంది, వద్దని 19 మంది ఓటేశారు. 2015లో 'కాస్ట్రియో మోటా డి హుడియోస్' అనే పేరు అధికారికమైంది. దీని అర్థం 'యూదుల దిబ్బ'.

నిజానికి ఇది కొత్త పేరేం కాదు. 1035లో పక్కనే ఉన్న కాస్ట్రోహెరిస్‌లో దాడులు జరగడంతో యూదులు అక్కడి నుంచి వచ్చి ఈ దిబ్బ మీద స్థిరపడ్డారు. అలా ఆ పేరు వచ్చింది. 1492లో రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండ్ ఓ ఆజ్ఞ జారీ చేశారు. మతం మారని యూదులు దేశం విడిచిపోవాలన్నది దాని సారాంశం. ఆ తర్వాత, 1627 నాటి పత్రాల్లో 'మాటాహుడియోస్' అనే పేరు కనిపిస్తుంది. మతం మారిన కుటుంబాలు తమ మీద అనుమానం రాకుండా అలా మార్చుకున్నాయని కొందరు అంటారు. రాతలో దొర్లిన తప్పు అని మరికొందరి మాట.

స్పెయిన్‌లో ఏ ఊరి పేరు కదిలించినా ఇలాంటి కథే బయటపడుతుంది. ఎవరు వచ్చి పాలించారో, ఎవరు వెళ్లిపోయారో ఆ పేర్లే చెబుతాయి.

లియోన్ అంటే సింహం కాదు

స్పానిష్‌లో లియోన్ అంటే సింహమే. ఆ నగరం చిహ్నం మీద కూడా సింహమే ఉంటుంది. కానీ పేరు మాత్రం 'లెజియో' నుంచి వచ్చింది. లెజియో అంటే రోమన్ సైనిక దళం. ఏడో దళం ఇక్కడ మకాం వేయడంతో దండు పేరే ఊరి పేరైంది. మెరిడా కూడా రోమన్ల ఊరే. క్రీ.పూ. 25లో రిటైరైన సైనికుల కోసం అగస్టస్ చక్రవర్తి 'ఎమెరిటా అగస్టా' కట్టించాడు. ఎమెరిటా అనే మాటే జనం నోళ్లలో మెరిడాగా మారింది.

సరగోసా పేరైతే చేతులు మారుతూ వచ్చింది. రోమన్లు 'సీజర్ అగస్టా' అన్నారు. అరబ్బులు 'సరకుస్తా' అన్నారు. స్పానిష్‌కు వచ్చేసరికి అదే సరగోసా అయింది.

అల్కలా.. మన ఖిల్లా ఒకటే!

711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సేనలు వచ్చాయి. 1492లో గ్రెనడా పతనం వరకు స్పెయిన్‌లో ఏదో ఒక భాగంలో వాళ్ల పాలన సాగింది. ఊళ్ల పేర్లలో ఆ ముద్ర ఇప్పటికీ ఉంది. 'గ్వాద' అని మొదలయ్యే పేర్లలో చాలావరకు అరబిక్ 'వాదీ' ఉంటుంది. వాదీ అంటే నది లేదా లోయ. గ్వాదల్కివీర్ అంటే పెద్ద నది. గ్వాదలహారా అంటే రాళ్ల నది. రాజధాని మాడ్రిడ్ కూడా 9వ శతాబ్దంలో అరబ్ పాలకులు కట్టిన 'మజ్రీత్' అనే కోట ఊరే.

'డాన్ క్విహోటె' రాసిన సెర్వాంటెస్ పుట్టిన ఊరు అల్కలా డి ఎనారెస్. ఇందులో అల్కలా అంటే అరబిక్‌లో 'అల్ ఖల్అ', అంటే కోట. ఇదే అరబిక్ మాట పర్షియన్, ఉర్దూల మీదుగా తెలుగులోకి 'ఖిల్లా'గా వచ్చింది. వరంగల్ జిల్లాలోని ఖిల్లా వరంగల్, స్పెయిన్‌లోని అల్కలా.. రెండింటిలోనూ ఉన్నది ఒకే పదం.

పేరు మారిన ఊళ్లు ఇంకా ఉన్నాయి

గలీసియాలోని ఫెర్రోల్ ఓడరేవు నియంత ఫ్రాంకో పుట్టిన ఊరు. 1938లో దానికి 'ఎల్ ఫెర్రోల్ డెల్ కౌదియో' అని పేరు పెట్టారు. కౌదియో అంటే నాయకుడు, ఫ్రాంకో బిరుదు అది. ఆయన 1975లో చనిపోయాడు. ఆ తోక పేరు మాత్రం 1982 దాకా ఉండిపోయింది.

గ్రెనడా దగ్గర 'అస్కెరోసా' అనే ఊరుండేది. కవి లోర్కా కుటుంబం కొన్నేళ్లు అక్కడే ఉంది. స్పానిష్‌లో ఆ మాటకు 'అసహ్యకరమైనది' అని అర్థం. 1943లో దాన్ని వాల్డెరుబియోగా మార్చేశారు.

అన్ని ఊళ్లూ మారలేదు. బదహోజ్ ప్రావిన్స్‌లో 'వాయె డి మాటమోరోస్' అనే గ్రామం ఉంది. మాటమోరోస్ అంటే 'మూర్‌లను చంపేవాడు'. మూర్‌లు అంటే ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లింలు. ఆ పేరు అలాగే ఉంది. ఇక పేరు మార్చుకున్న కాస్ట్రియోకు కూడా గొడవ పూర్తిగా వదల్లేదు. 2021లో ఆ ఊళ్లో యూదులకు వ్యతిరేకంగా గోడల మీద రాతలు రాశారు. బోర్డు మీద పేరు మారినా, దాని చుట్టూ ఉన్న ద్వేషం ఇంకా పోలేదు.