తల్లిపాలు తాగిన పిల్లలకు ఊబకాయం రాదా? పరిశోధనలు ఏం చెబుతున్నాయి

చంటిబిడ్డ బొద్దుగా ఉంటే మన ఇళ్లలో అందరికీ సంతోషమే. కాస్త సన్నగా కనిపిస్తే చాలు, "తల్లికి పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు మొదలుపెట్టండి" అని దాదీ మొదలుకొని పక్కింటి ఖాలా దాకా అందరూ సలహా ఇస్తారు. మరోవైపు తల్లిపాలు తాగిన పిల్లలకు పెద్దయ్యాక ఊబకాయం రాదనే మాట కూడా తరచూ వింటుంటాం. ఇందులో నిజమెంత? పాలు పట్టలేకపోయిన తల్లి తన బిడ్డకు ముప్పు తెచ్చినట్టేనా? దీనిపై ఇప్పటిదాకా తెలిసిన ముఖ్యమైన విషయాలు ఇవి.

సమస్య ఎంత పెద్దది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 5 ఏళ్లలోపు పిల్లల్లో 3.7 కోట్ల మంది అధిక బరువుతో ఉన్నారు. 5 నుంచి 19 ఏళ్ల వయసులో ఈ సంఖ్య 39 కోట్లు దాటింది. వారిలో 16 కోట్ల మందికి ఊబకాయం ఉంది.

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 5 ఏళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం. 2019-21 నాటికి 3.4 శాతానికి చేరారు. సంఖ్య చిన్నదే కానీ పెరుగుతోంది. అదే సర్వేలో 35.5 శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదని తేలింది. అంటే తిండి చాలని పిల్లలు, బరువు ఎక్కువైన పిల్లలు ఇద్దరూ మన మధ్యే ఉన్నారు.

మన పిల్లల విషయంలో ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. పుణెలో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లలతో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం పోల్చి చూసింది. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి పిల్లల బరువు 3.5 కిలోలు. మన పిల్లలు చిన్నగా ఉన్నా, కండ తక్కువగానూ, ఆ బరువుకు కొవ్వు ఎక్కువగానూ ఉన్నట్టు తేలింది. ఇలా చిన్నగా పుట్టిన పిల్లలు తర్వాత అతివేగంగా లావెక్కితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అందుకే "సన్నగా పుట్టాడు, త్వరగా బొద్దుగా చేసేద్దాం" అనే తొందర మంచిది కాదు.

తల్లిపాల వైపు మాట్లాడే ఆధారాలు

ఈ చర్చకు ఊపు తెచ్చిన అధ్యయనాల్లో ఒకటి 1999లో జర్మనీలోని బవేరియా రాష్ట్రం నుంచి వచ్చింది. బడిలో చేరబోతున్న 5, 6 ఏళ్ల పిల్లలు 9,357 మందిని పరిశీలించారు. అసలు తల్లిపాలు తాగని పిల్లల్లో ఊబకాయం 4.5 శాతం, తాగినవారిలో 2.8 శాతం ఉంది. పాలు తాగిన నెలలు పెరిగేకొద్దీ ఈ శాతం తగ్గుతూ వచ్చింది. ఏడాదికి మించి తాగినవారిలో 0.8 శాతమే.

ఆ తర్వాత చాలా దేశాల నుంచి ఇలాంటి ఫలితాలే వచ్చాయి. వాటన్నిటినీ కలిపి లెక్కించి 2016లో లాన్సెట్ పత్రిక ఒక సమీక్ష ప్రచురించింది. ఎక్కువ కాలం తల్లిపాలు తాగినవారిలో అధిక బరువు, ఊబకాయం వచ్చే అవకాశం 26 శాతం తక్కువని అందులో తేలింది. అయితే పకడ్బందీగా జరిగిన అధ్యయనాలను మాత్రమే తీసుకుంటే ఆ తేడా 13 శాతానికి తగ్గింది.

బెలారస్‌లో తేలింది వేరు

ఇవన్నీ తల్లులు తమంతట తాము తీసుకున్న నిర్ణయాలను గమనించి చేసిన అధ్యయనాలు. చిక్కు అక్కడే ఉంది. యూరప్, అమెరికాల్లో ఎక్కువ కాలం పాలు పట్టే తల్లులు సాధారణంగా ఎక్కువ చదువుకున్నవారు, పొగతాగే అలవాటు తక్కువ ఉన్నవారు, కాస్త కలిగిన కుటుంబాలవారు. వాళ్ల పిల్లల తిండి, ఆటలు కూడా వేరుగా ఉంటాయి. పైగా ఊబకాయం, షుగర్ ఉన్న తల్లులకు పాలు పడటం తరచూ ఆలస్యం అవుతుంది. వాళ్ల పిల్లలకు ఊబకాయం ముప్పు ముందు నుంచే ఎక్కువ. మరి తేడాకు కారణం పాలా, కుటుంబ పరిస్థితులా?

దీన్ని తేల్చడానికి కెనడా పరిశోధకుడు మైఖేల్ క్రేమర్ బృందం 1996-97లో బెలారస్‌లో పెద్ద ప్రయోగం చేసింది. 31 ప్రసూతి ఆస్పత్రులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టులో తల్లులకు పాలు పట్టడంలో ప్రత్యేక సాయం అందించారు. రెండో జట్టులో మామూలు వైద్యమే. మొత్తం 17,046 మంది పిల్లలు. మూడు నెలల వయసులో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు మొదటి జట్టులో 43 శాతం ఉంటే, రెండో జట్టులో 6 శాతమే. ఈ పిల్లలను ఆరున్నరేళ్లప్పుడు, మళ్లీ పదకొండున్నరేళ్లప్పుడు తూచి చూస్తే, సాయం అందిన జట్టులో అధిక బరువు ఏమీ తగ్గలేదు.

అయితే ఒకటి గమనించాలి. ఈ ప్రయోగంలోని తల్లులందరూ పాలు పట్టడం మొదలుపెట్టినవారే. కాబట్టి ఇది ఎక్కువ కాలం తాగినవారికీ, తక్కువ కాలం తాగినవారికీ మధ్య పోలిక. అసలు తాగనివారి గురించి ఇది చెప్పదు. ఆ ప్రయోగంలోనే సాయం అందిన జట్టు పిల్లలకు ఏడాదిలోపు విరేచనాల జబ్బులు, ఎగ్జిమా లాంటి చర్మ సమస్యలు తక్కువగా వచ్చాయి.

బ్రెజిల్‌లోని పెలోటాస్ నగరంలో పాలు పట్టే అలవాటుకూ, డబ్బున్నవాళ్లా కాదా అన్నదానికీ పెద్దగా సంబంధం లేదు. అక్కడ చూస్తే తల్లిపాలకూ, పిల్లల బరువుకూ మధ్య లింకు కనిపించలేదు. కానీ పిల్లల తెలివితేటల పరీక్షల్లో మాత్రం తల్లిపాల మేలు కనిపించింది.

మొత్తంగా చూస్తే, తల్లిపాలు ఊబకాయం ముప్పును కొంత తగ్గించవచ్చు. ఆ తగ్గింపు చిన్నదే. దాన్ని టీకాలాంటి రక్షణ అనుకోకూడదు.

ఆ కాస్త తేడాకు కారణాలు ఏమై ఉండొచ్చు?

మొదటిది ప్రొటీన్. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 1 గ్రాము ప్రొటీన్ ఉంటుంది. ఆవుపాలలో 3 గ్రాములకు పైగా, గేదెపాలలో ఇంకా ఎక్కువ. పసితనంలో ప్రొటీన్ మోతాదు మించితే బరువు వేగంగా పెరుగుతుంది. జర్మనీ, బెల్జియం, ఇటలీ, పోలండ్, స్పెయిన్ దేశాల్లో డబ్బా పాలు తాగే పిల్లలకు కొందరికి ఎక్కువ ప్రొటీన్, కొందరికి తక్కువ ప్రొటీన్ ఉన్న పాలు ఇచ్చి చూశారు. ఆరేళ్ల వయసుకు ఎక్కువ ప్రొటీన్ జట్టులో 10 శాతం మందికి, తక్కువ ప్రొటీన్ జట్టులో 4.4 శాతం మందికి ఊబకాయం ఉంది.

రెండోది తాగే తీరు. రొమ్ము దగ్గర బిడ్డే ఎంత తాగాలో తేల్చుకుంటుంది, కడుపు నిండితే వదిలేస్తుంది. సీసాలో ఎన్ని పాలు మిగిలాయో మన కంటికి కనిపిస్తుంది కాబట్టి "ఇంకొంచెమే, అయిపోనీ" అని బలవంతం చేస్తాం. పిండిన తల్లిపాలనే సీసాతో పట్టినా ఈ అలవాటు రావచ్చు.

పాలు నిజంగా చాలడం లేదా?

డబ్బా పాలు మొదలయ్యేది చాలాసార్లు ఈ అనుమానంతోనే. బిడ్డ ఏడవడం ఒక్కటే దీనికి గుర్తు కాదు. ఈ లక్షణాలు చూడండి:

- మొదటి వారం దాటాక రోజుకు 6 సార్లు లేదా అంతకంటే ఎక్కువ మూత్రం పోయడం.
- పుట్టిన బరువు కాస్త తగ్గినా, సుమారు రెండు వారాలకు తిరిగి రావడం.
- ఆ తర్వాత కార్డులోని పెరుగుదల గీత వెంట బరువు పెరుగుతూ ఉండటం.

ఇవి ఉంటే పాలు చాలుతున్నట్టే. కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 2019-21 సర్వే ప్రకారం దేశంలో అలా జరిగింది 41.8 శాతం పిల్లలకే. సిజేరియన్ల తర్వాత ఇది తరచూ ఆలస్యమవుతుంది. 2019-21 సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ అయినా తల్లి పాలు పట్టవచ్చు, ముర్రుపాలు పారబోయకూడదు. ఆస్పత్రి సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి. తహ్నీక్ చేసే కుటుంబాలు తేనె మాత్రం వాడొద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బోటులిజం అనే ప్రమాదకర జబ్బు రావచ్చు.

6 నెలల తర్వాతే అసలు పరీక్ష

మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత ఇంటి తిండితో పాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా పట్టవచ్చన్నది వైద్యుల సలహా. బరువు విషయంలో బిడ్డ తినే తిండి, తినిపించే పద్ధతి కూడా పాలంత ముఖ్యం.

మెత్తగా చిదిమిన పప్పన్నం, ఖిచిడీ, ఇడ్లీ, గుడ్డు, మెత్తగా ఉడికించిన చికెన్ లేదా చేప, కూరలు, అరటిపండు లాంటివి పెట్టండి. రెండేళ్లు నిండే దాకా చక్కెర కలిపినవి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాయ్‌లో ముంచిన బిస్కెట్, రస్కు, చక్కెర ఖీర్, ప్యాకెట్ జ్యూస్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఫోన్ చూపిస్తూ తినిపిస్తే కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియదు. నోరు తిప్పేసుకుంటే గిన్నె పక్కన పెట్టేయండి.

పాలు పట్టలేకపోతే

జబ్బు వల్లో, మందుల వల్లో, ఉద్యోగం వల్లో, పాలు నిజంగా పడకపోవడం వల్లో కొందరు తల్లులు పట్టలేరు. వాళ్లను ఇంట్లో నిందించడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. రెండేళ్లు పూర్తిగా పాలు పట్టడం గురించి చెప్పే దివ్య ఖురాన్ ఆయతే (2:233), తల్లిదండ్రులు సంప్రదించుకుని ముందుగా మాన్పించినా, వేరొకరి చేత పాలు పట్టించినా తప్పులేదని చెబుతుంది.

డబ్బా పాలు పట్టక తప్పకపోతే ఏ రకం ఇవ్వాలో డాక్టర్‌ను అడగండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి, ఒక చెంచా కూడా ఎక్కువ వేయొద్దు. సీసాలో చక్కెర, బిస్కెట్ పొడి కలపొద్దు. సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టొద్దు. ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా వద్దు. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1992 చట్టం నిషేధించింది. కాబట్టి షాపువాడో, బంధువులో ఇచ్చిన సలహాతో డబ్బా కొనకండి.

ప్రతి నెలా అంగన్‌వాడీలో గానీ, ఆస్పత్రిలో గానీ బరువు తూపించి కార్డులో రాయించండి. గీత ఒక్కసారిగా పైకి ఎగబాకినా, కిందికి జారినా అడగాల్సిన విషయమే. బిడ్డ ఎలా పెరుగుతోందో బుగ్గలు చూసి కాదు, ఆ కార్డు చూసి తెలుసుకోవాలి.