కోయితూరుల జాతినామ విచారము

ఒక జనసముదాయమునకుఁ బొరుగువా రిడిన పేరొకటియు, ఆ జనులు తమ్ముఁ దాము పిలుచుకొను పేరు మఱియొకటియు నుండుట చరిత్రమునఁ దఱుచుగాఁ గానవచ్చును. పొరుగువారి పేరు శాసనములకును రాజ్యపు లెక్కలకును ఎక్కును. సొంతపేరు నోటిమాటగానే నిలుచును. తరువాతి చరిత్రకారుఁడు లెక్కలలోని పేరునే జాతిగా భ్రమించును. తెలుఁగుదేశమునఁ దరతరములుగా నివసించు కోయితూరుల విషయమున నిట్టి భ్రమయే కలిగినది. ఆదిలాబాదు మన్యమున వీరిని గోండులనియు, గోదావరీతీరమునఁ గోయలనియుఁ బొరుగువారు పిలుతురు. స్వల్పమైన యుచ్చారణభేదముతో రెండుచోట్లను వారు తమ్ముఁ జెప్పుకొను మాట యొక్కటియే: ఏకవచనమునఁ గోయితోర్, బహువచనమునఁ గోయితూర్.

ముందుగా గోండుశబ్దమును విచారింపవలెను. నాగపురమునం దుండిన క్రైస్తవబోధకుఁడు స్టీఫెన్ హిస్లాపు తెలుఁగు 'కొండ' శబ్దమే దీనికి మూలమని తలఁచెను. ఆయన వ్రాఁతలు 1866లోఁ బ్రకటింపఁబడినవి. అర్థము పొసఁగినను శబ్దము పొసఁగుట సులభము కాదు. చిన్నయసూరి చెప్పిన గసడదవాదేశము ప్రథమావిభక్తిమీఁది పరుషములకుఁ గలుగునది. 'అతఁడు గదలెను' అనుచోఁ గకారము గకారమగుటకుఁ బూర్వపద మున్నది. ఒంటిగా నిలిచిన 'కొండ' శబ్దమున కట్టి యవకాశము లేదు. అన్యభాషీయుల నోటఁ బడి కకారము మాఱినదన్నచో, ఆ పేరు పరులు కల్పించినదే యని మఱింత స్పష్టమగును. ఎట్లు చూచినను గోండుశబ్దము ఆ జనుల సొంతమాట కాదు.

ఇఁక భాష. గోండి, కోయ, కుయి మున్నగు భాషలు తెలుఁగుతో నొకే యుపకుటుంబమునకుఁ జెందినవని భద్రిరాజు కృష్ణమూర్తి 1961లోఁ బ్రకటించిన గ్రంథమున నిరూపించెను. గోండిసంఖ్యలను బరిశీలించినచో నీ చుట్టఱికము తేటపడును. రెండు 'రండ్', మూఁడు 'ముండ్', నాలుగు 'నాలుంగ్', ఐదు 'సయ్యుంగ్', ఆఱు 'సారుంగ్'. తుది రెంటియందును గోండిభాష పదాదిని సకారము నిలుపుకొన్నది. తెలుఁగున నది లోపించినది. మూలద్రావిడమునందలి చకారమే యీ సకారమునకు మూలము. కాఁబట్టి యీ విషయమునఁ బండితుల తెలుఁగుకంటె అడవిలోని గోండియే ప్రాచీనరూపమునకు సన్నిహితము. మఱియొక విశేషము: ఈ సకారము కొన్ని మాండలికములలో నిలిచినది, కొన్నింట హకారమైనది, దక్షిణమునఁ దఱుచుగా లోపించినది. ఉప్పును 'సోవర్' అనియు, 'హోవర్' అనియు, 'ఓవర్' అనియుఁ బలుకుట యిందుకు నిదర్శనము. మార్పు క్రమముగా వ్యాపించినది గాని, ఇక్కడికి గోండి ముగిసినది, ఇక్కడఁ గోయ మొదలైనది యని గీఁత గీయుటకు వీలులేదు.

భాషకంటె బలవత్తరమైన ప్రమాణము కులవ్యవస్థ. ఆదిలాబాదు గోండులు నాలుగు 'సగ'లుగా నుందురు: నాల్వేన్, సివేన్, సార్వేన్, ఏర్వేన్. అనఁగా నలువురు, ఏవురు, ఆర్వురు, ఏడ్వురు సోదరుల సంతతివారు. తెలుఁగు రూపములతో వీనికిఁ గల పోలిక చెవికే తెలియును. ఒకే సగలోనివారికి వివాహము నిషిద్ధము. ప్రతి వంశమునకును 'పెర్స పేన్' అను కులదేవత కలదు. ఆ కథలను బర్ధానులు కింగ్రి వాయించుచుఁ బాడుదురు. ఏటేటఁ బుష్యమాసపు టమావాస్యనాఁడు కేస్లాపూరున నాగోబాను బూజించు మెస్రమువారు ఏడ్వురు సోదరుల సగకుఁ జెందినవారు. ఈ వ్యవస్థను హైమెండార్ఫు 1948లోఁ బ్రకటించిన గ్రంథమున విపులముగా వర్ణించెను. గోదావరీతీరపుఁ గోయలలోఁ జూచినను మూఁడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు, ఆఱవ గట్టు, ఏడవ గట్టు అను విభాగము లున్నవి. అందును స్వగట్టువివాహము నిషిద్ధమే. పేర్లు తెలుఁగైనను వ్యవస్థ యొక్కటియే.

ఇందుకుఁ బ్రతిపక్షము లేకపోలేదు. పెక్కుచోట్లఁ గోయలు తెలుఁగే పలుకుచున్నారు. ఆదిలాబాదు పర్ధానుల భాష మరాఠీ. గోండుల ప్రక్కనే యున్న కొలాముల భాష వేఱు. మేడారమున సమ్మక్క సారలమ్మలను గొలుచు కోయలకుఁ గేస్లాపూరు జాతర తమది కాదు. నిజమే, కాని భాష మాఱినను వివాహనియమము మాఱలేదు. జాతి యేకరూపమున నుండవలె ననుట యే జాతికిని జెల్లదు, తెలుఁగువారికిని జెల్లదు.

పరదేశమునం దిట్టిదే యొక యుదాహరణము కలదు. బర్మా పడమటి కొండలలోని జనులకు 'చిన్' అను పేరు బర్మీయు లిడినది. 1896 నాటి చిన్ పర్వతశాసనము దానిని రాజ్యపుమాటగాఁ జేసెను. ఆ జనులు తమ్ము జో, లాయి, మిజో మొదలగు పేర్లతోఁ జెప్పుకొందురు. ఐనను 1948 ఫిబ్రవరి 20న ఫాలమునం దా జనులు సభగాఁ గూడి వంశపారంపర్యపు దొరతనమును వదలుకొనినపుడు, ఆ దినము చిన్ జాతీయదినమైనది. సరిహద్దున కీవల మిజోలు 1987లో సొంతపేరుతోనే రాష్ట్రము పొందిరి. ఒకచోఁ బరుల పేరు, ఒకచో సొంతపేరు ఐక్యమునకు గుఱుతైనది.

కోయితూరులకు రెండును గలుగలేదు. చాందా గోండురాజ్యము 1751లో భోంసలేల పాలైనది. 1940లో జోడేఘాట్ కడఁ గొమరం భీము భూమికై పోరి హతుఁడయ్యెను; ఆ పిమ్మటనే నిజాము ప్రభుత్వము వారి స్థితిని విచారింపఁ బూనుకొని, 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణకు బడి నెలకొల్పెను. 1956లో రాజూరా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునఁ జేరుటచే నా మన్యము చీలినది. 2014లో భద్రాచల ప్రాంతపు మండలములు కొన్ని యాంధ్రప్రదేశమునఁ జేరుటచేఁ గోయలు మఱల విభక్తులైరి. 2011 జనగణనమున గోండి 29 లక్షలకుఁ బైగాను, కోయ 4 లక్షలకుఁ బైగాను వేర్వేఱు భాషలుగా లెక్కింపఁబడినవి. తెలంగాణపు షెడ్యూల్డు తెగల పట్టికలోఁ గోయితూర్ అను మాట గోండుల వరుసలోఁ గడపట నున్నది. కోయలు వేఱు వరుసలో నున్నారు. గోండిభాష రాజ్యాంగపు టెనిమిదవ షెడ్యూలున లేదు. గుంజాల గ్రామమున లభించిన వ్రాఁతప్రతుల లిపికి మాత్రము 2018లో యూనికోడునందు స్థానము లభించినది.

ఐతరేయబ్రాహ్మణమున విశ్వామిత్రునిచే శపింపఁబడిన సంతానముగా ఆంధ్రులు పుండ్ర శబర పుళింద మూతిబులతోఁ గూడఁ బేర్కొనఁబడిరి. ఆంధ్రశబ్దము మొదట వినవచ్చినది పరుల నోటనే, అడవిజనుల పంక్తిలోనే. పిదపఁ దెలుఁగువారు శాసనములను, కావ్యములను వ్రాసికొని యా పేరును దమదిగాఁ జేసికొనిరి. ఆ పంక్తినుండి లేచినవారు ఆ పంక్తిలోనివారిని గిరాతులని త్రోసివేయుట న్యాయము కాదు. లెక్కలలో రెండుగాఁ జీలిన యీ సోదరజాతిని దాని నోటిమాటతోనే, కోయితూరులని, పాఠపుస్తకములందును నిఘంటువులందును బేర్కొనుట చరిత్రమునకును వ్యాకరణమునకును సమ్మతమైన పద్ధతి.