గోడ మీద బాకీ

కట్టిన ఇంటి మీద, కట్టినవారికి రావలసిన సొమ్ముకు హామీగా చట్టం కల్పించే హక్కును అమెరికాలో మెకానిక్స్ లీన్ అంటారు. ఇది ఇంగ్లండు నుంచి వచ్చింది కాదు. అక్కడి పాత న్యాయంలో దర్జీ కూలి ముట్టేదాకా కోటును తన దగ్గరే ఉంచుకోగలడు. మన 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షనులోనూ దర్జీ ఉదాహరణే ఉంది. తాపీమేస్త్రీ మాత్రం గోడను చంకన పెట్టుకుపోలేడు. ఇటుకలు స్థలంతో కలిసి యజమాని సొత్తయిపోతాయి.

ఆ లోటు తీరింది వాషింగ్టన్ నగరం కోసం. 1800 నాటికి రాజధాని అక్కడికి మారాలి, నగరమేమో ఇంకా కాగితం మీదే ఉంది. అప్పు మీద సరుకిచ్చేవారికీ పనిచేసేవారికీ ధైర్యం చిక్కాలంటే ఏదో హామీ ఉండాలి. జెఫర్సన్, మాడిసన్ ప్రోద్బలంతో మేరీలాండ్ శాసనసభ 1791లో ఈ హక్కు కల్పించింది. 1803లో పెన్సిల్వేనియా అదే దారి పట్టింది. కాలిఫోర్నియా 1879లో ఏకంగా తన రాజ్యాంగంలోనే చేర్చింది. వింతేమిటంటే, ఆ రాజధానిలోని ప్రభుత్వ భవనాలకే ఈ లీన్ వర్తించదు. ఫెడరల్ పనుల్లో కూలీకి, సరుకుకు హామీగా కాంట్రాక్టరు చేత బాండు రాయించుకునే 1935 నాటి మిల్లర్ చట్టం ఉంది.

చిక్కు ఇంటివారికి వచ్చింది. కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించినా, అతను కలప దుకాణానికి బాకీ ఎగ్గొడితే, యజమాని ముఖమైనా చూడని ఆ దుకాణదారు ఇంటి మీద లీన్ నమోదు చేయగలడు. న్యూయార్క్ పద్ధతిలో, కాంట్రాక్టరుకు యజమాని ఇంకా ఇవ్వాల్సిన సొమ్ము వరకే ఆ హక్కు. పెన్సిల్వేనియా పద్ధతిలో ఆ హద్దు లేదు, రెండుసార్లు కట్టాల్సి రావచ్చు.

అందుకే డబ్బు ఇచ్చేటప్పుడే హక్కు వదులుకున్నట్టు సంతకం తీసుకోవడం ఆచారమైంది. అదే లీన్ వేవర్. ఇక భయం పనివారి వైపు తిరిగింది: సంతకమైపోయింది, చెక్కు చెల్లకపోతే? కాలిఫోర్నియా చట్టం దీనికి నాలుగు నమూనాలు నిర్ణయించింది: మధ్యంతర చెల్లింపుకు రెండు, తుది చెల్లింపుకు రెండు, ప్రతి జంటలో ఒకటి సొమ్ము నిజంగా చేతికందాకే చెల్లేది, మరొకటి షరతు లేనిది. 2012 నుంచి టెక్సస్‌లోనూ చట్టం ఇచ్చిన నమూనాలే వాడాలి. పని మొదలవకముందే ఒప్పందంలో హక్కు వదులుకున్నట్టు రాయించుకుంటే కాలిఫోర్నియాలో అది చెల్లదు. షరతు లేని పత్రం మీద మాత్రం, డబ్బు అందకపోయినా ఈ సంతకం కట్టిపడేస్తుందన్న హెచ్చరిక అచ్చయి ఉంటుంది.