ఐదు గోల్స్‌లో నాలుగు మణిపూర్ అమ్మాయిలవే: 2020 ఫైనల్ కథ



ఆటల పోస్టు అనగానే క్రికెట్ అనుకోకండి. ఈసారి ఫుట్‌బాల్, అందులోనూ ఆడపిల్లల ఫుట్‌బాల్. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

2020 ఫిబ్రవరి 14న బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో ఇండియన్ విమెన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. ఒకపక్క కేరళ జట్టు గోకులం, ఇంకోపక్క మణిపూర్ జట్టు క్రిఫ్సా. రెండింటికీ అదే మొదటి ఫైనల్. ఎవరు గెలిచినా కప్పు మీద కొత్త పేరు పడాల్సిందే. ఆ రోజు ఈ మ్యాచ్ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మాకైతే తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాం, చదివాక ఊరుకోలేకపోయాం.

ముందు లీగ్ గురించి రెండు మాటలు. మగవాళ్లకి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లోనే మొదలైంది. ఆడవాళ్లకి 2017 దాకా లేదు. ఇరవై ఏళ్ల తేడా! 2017 జనవరిలో ఢిల్లీలో ఆరు జట్లతో మొదలుపెట్టారు. 2020 నాటికి బెంగళూరులో పన్నెండు జట్లు ఆడాయి.

ఇక ఫైనల్. మొదటి నిమిషంలోనే గోకులం గోల్ కొట్టింది. కొట్టింది పరమేశ్వరీ దేవి. అరగంట కాకముందే కమలా దేవి రెండోది కొట్టింది. 2-0. అక్కడితో అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ క్రిఫ్సా వదల్లేదు. హాఫ్ టైమ్ లోపే డాంగ్‌మెయి గ్రేస్ ఒకటి దింపింది. రెండో హాఫ్‌లో రతన్‌బాలా దేవి ఇంకోటి కొట్టి 2-2 చేసింది. ఇక ఎక్స్‌ట్రా టైమే అనుకునేంతలో, ఆఖరి నిమిషాల్లో నేపాల్ అమ్మాయి సబిత్రా భండారి గోకులం తరఫున గోల్ కొట్టేసింది. 3-2. కేరళకి మొదటి జాతీయ లీగ్ టైటిల్ అలా వచ్చింది.

ఇప్పుడు ఆ పేర్లు ఇంకోసారి చూడండి. పరమేశ్వరి మణిపూర్. కమల మణిపూర్. గ్రేస్ మణిపూర్. రతన్‌బాల మణిపూర్. ఐదు గోల్స్‌లో నాలుగు మణిపూర్ అమ్మాయిలవే, ఐదోది నేపాల్ అమ్మాయిది. కప్పు మాత్రం కేరళకి వెళ్లింది. కమలా దేవి సంగతి మరీ చిత్రం. 2017లో మొట్టమొదటి లీగ్‌ను మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచినప్పుడు టాప్ స్కోరర్ ఆమే. మూడేళ్లకి అదే ఆమె ఇంకో మణిపూర్ జట్టు మీద గోల్ కొట్టింది. ఆమెని తప్పు పట్టడానికి లేదు. ఆట మీద బతికేవాళ్లు పిలిచినచోటికి వెళ్తారు. కూలి కోసం మనవాళ్లు వలస పోవడం లేదా?

గోకులం వెనక ఉన్నది చిట్‌ఫండ్ కంపెనీ డబ్బు. క్రిఫ్సా ఇంఫాల్ లోకల్ క్లబ్. డబ్బున్న క్లబ్ అమ్మాయిల్ని తెచ్చుకుంది, గెలిచింది. అది నేరం అని మేము అనడం లేదు. అసలు డబ్బు పెట్టేవాడు ఉండటమే గొప్ప. కానీ ఆ అమ్మాయిల్ని తయారుచేసింది ఎవరో కప్పు మీద రాయరు.

2017 నుంచి 2020 వరకు నాలుగు ఫైనల్స్ జరిగితే, నాలుగింటిలోనూ ఒక మణిపూర్ జట్టు ఉంది. ఇదెలా సాధ్యం? అక్కడ లైకై అంటారు, మన వాడ లాంటిది. వాడవాడకీ క్లబ్ ఉంటుంది. ఆడపిల్ల షార్ట్స్ వేసుకుని గ్రౌండ్‌కి పోతే వింతగా చూడరు. బాగా ఆడితే పోలీసు ఉద్యోగం వచ్చే దారి కూడా ఉంది. 2019 ఫైనల్ ఆడింది మణిపూర్ పోలీస్ జట్టే. అక్కడి ఓయినాం బెంబెం దేవికి పద్మశ్రీ ప్రకటించింది కూడా ఈ 2020 జనవరిలోనే, బెంగళూరులో లీగ్ నడుస్తుండగా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మణిపూర్ అంటే అందరూ గిరిజనులే అనుకుంటాం మనం. అది తప్పు. కమల, రతన్‌బాల మైతేయి వాళ్లు, ఎస్టీ జాబితాలో లేరు. గ్రేస్ మాత్రం రోంగ్‌మెయి నాగా, చురాచాంద్‌పూర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన పిల్ల. 2019లో సాఫ్ ఫైనల్‌లో నేపాల్ మీద ఇండియా 3-1తో గెలిచినప్పుడు కూడా గ్రేస్ ఒక గోల్ కొట్టింది. ఆ రోజు నేపాల్‌కి ఉన్న ఒక్క గోల్ సబిత్రాది. ఏడాది తిరక్కుండానే బెంగళూరులో మళ్లీ ఇద్దరూ ఎదురెదురు. ఈసారి సబిత్రా గెలిచింది.

మరి మన సంగతి? ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివినవాళ్లం మనం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తెలుసు. మేము చదివిన చోట ఫుట్‌బాల్ ఒకటి స్టోర్ రూమ్‌లో గాలి పోయి పడి ఉండేది. ఆడపిల్లలకైతే పదో తరగతితోనే గ్రౌండ్ బంద్. అయినా నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య వచ్చింది. ఇంటిపేరు వింటేనే మనవాళ్లకి అర్థమైపోతుంది, లంబాడా బిడ్డ. ఆమె ఏ జట్లకి ఆడిందో చూడండి. 2022లో గోకులం లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. అదే ఏడాది క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి వెళ్లింది. 2025లో లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌లో ఆడింది, ఆ సీజన్‌కి దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. కోళికోడ్, జాగ్రెబ్, కోల్‌కతా.

మణిపూర్ అమ్మాయి వలస పోయినా వెనక క్రిఫ్సా లాంటిది ఒకటి మిగిలింది, అది ఫైనల్ దాకా వచ్చి 2-0 నుంచి లేచి కొట్లాడింది. సౌమ్య వెనక ఏ క్లబ్ మిగిలింది? ఉట్నూరులో, పాడేరులో, భద్రాచలంలో, మీ తండాలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్న చోటు ఒక్కటున్నా మాకు చెప్పండి. ఎవరు నేర్పుతున్నారు, బంతి ఎవరు కొన్నారు, ఎన్ని గంటలకి ఆడతారు, అన్నీ రాయండి. వచ్చే పోస్టు వాళ్ల మీదే రాస్తాం.