తనిఖీ చేసేదెవరు? సంతాన సాఫల్య కేంద్రాల కథ

పోయినసారి సభల్లో భోజనాల క్యూలో ఉండగా మా ఊరి వైపు కుర్రాడొకడు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నయ్యా, ఇక్కడ ఒక్కసారి ఐ.వి.ఎఫ్. చేయించుకుంటే ఇరవై వేల డాలర్ల దాకా అవుతుందట. ఇండియా వెళ్ళి చేయించుకుందామని అనుకుంటున్నాం. ఒక సెంటరు వాళ్ళు డెబ్భై శాతం సక్సెస్ అంటున్నారు. గుర్తింపు కూడా ఉందట. నమ్మొచ్చా?"

నన్నే ఎందుకు అడిగాడంటే, మేమూ ఆ దారిన వెళ్ళివచ్చిన వాళ్ళమని ఆడవాళ్ళ ద్వారా అతనికి తెలిసింది. మన సభల్లో ఇళ్ళ స్థలాల గురించి, వీసాల గురించి, పెళ్ళి సంబంధాల గురించి గట్టిగానే మాట్లాడుకుంటాం. ఈ ఒక్క విషయం మాత్రం గోంగూర గిన్నె వెనక నిలబడి గుసగుసగా అడగాల్సి వస్తుంది. ఆ రోజు వెనక జనం తోసుకొస్తున్నారు, సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

నేను డాక్టరుని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అయితే "గుర్తింపు" అనే మాటతో నాకు పాత పరిచయం ఉంది. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాదులో నేను చేరిన మొదటి కంపెనీ గోడ మీద "సి.ఎం.ఎం. లెవెల్ 5" అని పెద్ద బ్యానరు ఉండేది. ఆడిటరు రాబోయే వారం మేమంతా రాత్రుళ్ళు కూర్చుని, ఎన్నడూ జరగని మీటింగులకు వెనకటి తేదీలతో మినిట్స్ రాసేవాళ్ళం. అప్పటి నుంచి ఏ సర్టిఫికెట్ చూసినా నాకు వచ్చే మొదటి సందేహం ఒకటే: తనిఖీ చేసిన వాడికి ఆ పని తెలుసా? వాడు వెళ్ళిపోయాక ఏం జరుగుతోంది?

సంతాన సాఫల్య కేంద్రాల చరిత్ర చదువుతుంటే అడుగడుగునా ఈ సందేహమే ఎదురైంది.

నేను పుట్టింది 1978లో, కోనసీమలో, మంత్రసాని చేతుల మీదుగా. అదే ఏడాది జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీ బ్రౌన్ పుట్టింది. ప్రపంచానికి తెలిసిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ. డాక్టర్ స్టెప్టో, శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్, ఆయన ప్రయోగశాలలో పనిచేసిన జీన్ పర్డీ కలిసి సాధించిన విజయం అది. సరిగ్గా 70 రోజుల తర్వాత, అక్టోబరు 3న, కలకత్తాలో ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఆమెకు దుర్గ అని పేరు. వెనక ఉన్నది డాక్టర్ సుభాష్ ముఖర్జీ.

ఈయన కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇంగ్లండు వాళ్ళు చేయని పని ఒకటి ఈయన చేశారు. అండం, వీర్యకణం కలిశాక ఏర్పడిన పిండాన్ని, అంటే ఎంబ్రియోని, 53 రోజులు గడ్డకట్టించి దాచి, ఆ తర్వాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. ఇప్పుడు ప్రతి కేంద్రంలో జరిగే పని అది. అలా దాచిన పిండం నుంచి బిడ్డ పుట్టడం ప్రపంచం ఒప్పుకున్నది మాత్రం 1984లో, ఆస్ట్రేలియాలో.

ముఖర్జీ మాట నిజమో కాదో తేల్చడానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడి చదువు రేడియో ఫిజిక్స్. ఈ విద్య తెలిసిన వాళ్ళు అందులో లేరు. వాళ్ళు ప్రశ్నలు వేశారు, ఈయన జవాబులు చెప్పారు, వాళ్ళు నమ్మలేదు. 1979లో జపాన్‌లోని క్యోటో సదస్సుకు పిలుపు వస్తే వెళ్ళనివ్వలేదు. చివరికి 1981లో కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషిని కళ్ళాసుపత్రికి పంపారన్న మాట. ఆ ఏడాది జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. వయసు 50. తపన్ సిన్హా తీసిన 'ఏక్ డాక్టర్ కీ మౌత్' చూసిన వాళ్ళకు ఈ కథ కొంత తెలిసే ఉంటుంది.

1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పుట్టిన పాప భారతదేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీగా పేరు పొందింది. దాని వెనక డాక్టర్ ఇందిరా హిందూజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ ఉన్నారు. పదకొండేళ్ళ తర్వాత ఆనంద్ కుమార్ చేతికి ముఖర్జీ సొంత దస్తూరీతో రాసుకున్న కాగితాలు వచ్చాయి. ఆయన వాటిని చదివి, 1997లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వ్యాసం రాశారు. మొదటి వాడిని నేను కాదు, ముఖర్జీ అని ఒప్పుకున్నారు. తన కిరీటం తానే తీసి చనిపోయిన మనిషి తల మీద పెట్టడం ఎంతమంది చేయగలరు? ప్రభుత్వ కమిటీ పట్టుకోలేని నిజాన్ని, పని తెలిసిన ఒక్క మనిషి, రాసిపెట్టిన కాగితాలు చదివి పట్టుకున్నాడు.

బ్రిటన్ ఈ పాఠం ముందే నేర్చుకుంది. 1982లో తత్వవేత్త మేరీ వార్నాక్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1984లో నివేదిక, 1990లో చట్టం, 1991 నుంచి లైసెన్సులిచ్చే ప్రత్యేక సంస్థ. లైసెన్సు లేనిదే ప్రయోగశాలలో పిండాన్ని తయారుచేయడం అక్కడ నేరం. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, రికార్డులు చూస్తారు. అంత కట్టుదిట్టం ఉన్నా 2002లో లీడ్స్‌లో ఒక సంగతి బయటపడింది. తెల్లజాతి దంపతులకు మిశ్రమ వర్ణపు కవలలు పుట్టారు. ఒకరి వీర్యం ఇంకొకరి అండాలతో కలిసిపోయింది. రంగు తేడా లేకపోతే ఆ పొరపాటు ఎప్పటికీ తెలిసేది కాదేమో! దాని మీద విచారణ జరిగాక, గిన్నె నుంచి గిన్నెకు మార్చే ప్రతిసారీ రెండో మనిషి పక్కన నిలబడి, పేర్లు సరిచూసి, సంతకం పెట్టాలనే పద్ధతి గట్టిపడింది. ఇప్పుడు చాలా చోట్ల గిన్నెల కింద రేడియో ట్యాగులు అతికిస్తున్నారు. వేర్వేరు దంపతుల గిన్నెలు ఒకే బల్ల మీదికి వస్తే యంత్రం కూత పెడుతుంది.

గాంధారి కథలో వ్యాసుడు నూటొక్క నేతికుండలు పెట్టించాడు కదా. ఆ కుండల మీద పేర్లు రాయనక్కర్లేదు, అందరూ ఒక తల్లి బిడ్డలే. ఇప్పటి ట్యాంకులో వందల మంది తల్లుల ఆశలు పక్కపక్కన ఉంటాయి.

ఇక మన అమెరికా. ఇక్కడ మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఎలిజబెత్ కార్, 1981 డిసెంబరు 28న వర్జీనియాలోని నార్ఫోక్‌లో పుట్టింది. పిండాల మీద పరిశోధనకు ఫెడరల్ డబ్బు ఇవ్వకపోవడం వల్ల ఈ రంగమంతా ప్రైవేటు వాళ్ళ చేతుల్లో పెరిగింది. డబ్బు ఇవ్వని ప్రభుత్వానికి అజమాయిషీ కూడా లేకపోయింది. వర్జీనియాలోనే ఒక డాక్టరు దాత వీర్యమని చెప్పి తన వీర్యాన్నే వాడాడు. 1992లో అతనికి శిక్ష పడింది, కానీ ఆ పనిని నేరమనే సెక్షన్ లేక, పోస్టు ద్వారా, ఫోను ద్వారా మోసం చేశాడని కేసు పెట్టారు. 1995లో కాలిఫోర్నియాలోని అర్వైన్ విశ్వవిద్యాలయపు కేంద్రంలో, కొందరి అండాలు, పిండాలు వాళ్ళకు చెప్పకుండా వేరే వాళ్ళకు ఇచ్చిన బాగోతం బయటపడింది. ముగ్గురు డాక్టర్లలో ఇద్దరు దేశం దాటారు. మిగిలిన ఒకరికి శిక్ష పడింది ఇన్సూరెన్సు బిల్లుల మోసానికి! అండాల దొంగతనం నేరమని కాలిఫోర్నియా చట్టం చేసింది ఆ మరుసటి ఏడాది.

1992లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ప్రతి కేంద్రం తన సక్సెస్ రేటు సి.డి.సి.కి చెప్పాలి, సి.డి.సి. వాటిని అచ్చువేయాలి. 1995 అంకెలతో మొదటి నివేదిక 1997లో వచ్చింది. చెప్పకపోతే శిక్ష ఏమిటో తెలుసా? "వీళ్ళు చెప్పలేదు" అని పేరు వేస్తారు. అంతే. ల్యాబులకు ఒక నమూనా సర్టిఫికెట్ విధానం కూడా అదే చట్టంలో ఉంది, కానీ పాటించడం రాష్ట్రాల ఇష్టం. అన్నిటికంటే నాకు వింతగా తోచింది ఇంకోటి. వీర్యకణాలు లెక్కపెట్టే మామూలు పరీక్షకు 1988 నాటి ఫెడరల్ ల్యాబు నిబంధనలు వర్తిస్తాయి. పిండాన్ని పెంచే పనికి వర్తించవు, ఎందుకంటే అది రోగ పరీక్ష కాదట! మంచి కేంద్రాలు తమంతట తామే పాథాలజిస్టుల కాలేజీ నుంచి గుర్తింపు తెచ్చుకుంటాయి.

అంకెలు బయటపెట్టడం మంచిదే, కానీ మార్కులు పెడితే పిల్లలు మార్కుల కోసమే చదువుతారు. సక్సెస్ రేటు పెరగాలని ఒకేసారి మూడు, నాలుగు పిండాలు ప్రవేశపెట్టడం అలవాటైంది. కవలలు, ముగ్గురేసి పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. డాక్టర్ల సంఘం 1998లో ఎన్ని పెట్టాలో హద్దులు చెప్పాక ముగ్గురేసి కాన్పులు క్రమంగా తగ్గాయి.

2014లో మేము వెళ్ళిన కేంద్రం బ్రోషర్‌లో 60 శాతం అని ఉంది. ఆ కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. రెండుసార్లు విఫలమయ్యాక, ఒక రాత్రి నిద్రపట్టక సి.డి.సి. పట్టికలు తెరిచాను. ఆ 60 శాతం 35 ఏళ్ళలోపు వాళ్ళది. మా ఆవిడకు అప్పటికి 35 నిండాయి. పైగా అది గర్భం నిలిచిన లెక్క, బిడ్డ పుట్టిన లెక్క కాదు. మధ్యలో ఆపేసిన వాళ్ళు హారంలోనే లేరు. మా వరుసలో ఉన్న అంకె అందులో సగం కూడా లేదు. అబద్ధం ఎక్కడా లేదు, అయినా మేము మోసపోయాం. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, హారం ఏమిటని అడగాలని తోచలేదు. మా ఆవిడ ఆ పట్టిక చూసి, "ముందే చూసి ఉంటే మానేసేవాళ్ళమా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వేరే కేంద్రానికి మారాం. 2015లో మా అమ్మాయి పుట్టింది. మూడు పిండాలు అక్కడే ట్యాంకులో మిగిలాయి.

2018 మార్చి 4. ఓహైయోలోని క్లీవ్‌లాండ్ యూనివర్సిటీ హాస్పిటల్స్ వాళ్ళ ట్యాంకులో ఆ వారాంతంలో ఉష్ణోగ్రత పెరిగిపోయింది. దాదాపు 950 మందికి చెందిన 4,000కు పైగా అండాలు, పిండాలు పోయాయి. విచిత్రంగా అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో కేంద్రంలోనూ ట్యాంకు చెడింది. అక్కడ 2021లో జ్యూరీ ఎక్కువ తప్పు ట్యాంకు తయారీదారుదని తేల్చి, ఐదుగురికి సుమారు కోటిన్నర డాలర్లు ఇప్పించింది. క్లీవ్‌లాండ్ వాళ్ళు రోగులకు రాసిన ఉత్తరంలో విషయం దాచలేదు. ద్రవ నత్రజని దానంతట అదే నిండే ఏర్పాటు కొన్ని వారాలుగా సరిగ్గా లేదు, చేత్తో పోస్తున్నారు. రాత్రివేళ ఎవరూ లేనప్పుడు ఫోను చేసి లేపాల్సిన అలారం ఆపేసి ఉంది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో తెలియదు.

ఆ వాక్యం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకు ఆపి ఉంటారో నాకు ఊహకు అందింది. మా ఆఫీసులో సర్వర్ల అలారం రాత్రి మూడింటికి ఊరికే మోగి మోగి విసిగిస్తే, నేనే ఒకసారి దాన్ని నొక్కిపెట్టి పడుకున్నాను. మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోయాను. నాలుగు రోజుల తర్వాత నిజంగానే డిస్కు నిండింది. పోయింది కొంత అమ్మకాల డేటా, బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. క్లీవ్‌లాండ్‌లో పోయిన వాటికి బ్యాకప్ లేదు. అందులో కొందరు కాన్సర్ చికిత్సకు ముందు దాచుకున్నవాళ్ళు. మర్నాడే మా కేంద్రానికి ఫోను చేశాను. "మీ అలారం ఎవరికి మోగుతుంది? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?" అవతలి అమ్మాయి కాసేపు ఆగి, కనుక్కుని చెబుతానంది.

మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. 2005లో మంచి మార్గదర్శకాలే రాసింది. వాటికి చట్టం బలం లేదు. బిల్లుల ముసాయిదాలు మీద ముసాయిదాలు వచ్చాయి. పదహారేళ్ళ తర్వాత, 2021లో చట్టం అయింది, 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం వరకే చేసేది లెవెల్ 1, ఐ.వి.ఎఫ్. కూడా చేసేది లెవెల్ 2. మా పాత బ్యానరులాగా లెవెల్ పెద్దదైతే నాణ్యత పెద్దదని కాదు, గమనించండి. అండదాత వయసు 23 నుంచి 35, జన్మలో ఒక్కసారే ఇవ్వాలి. చికిత్స పొందే స్త్రీకి గరిష్ఠ వయసు 50. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 దాటిన ఆవిడకు కవలలు పుడితే మనమంతా వాట్సాప్‌లో పంచుకున్నాం గుర్తుందా? ఇప్పుడది చట్టవిరుద్ధం.

చట్టం వచ్చినంత మాత్రాన అయిపోలేదు. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక కేంద్రం మీద కేసు పడింది. అద్దె గర్భం ద్వారా పుట్టిన మీ బిడ్డేనని ఒక జంట చేతిలో పసివాణ్ణి పెట్టారు. డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే వాడికి వీళ్ళతో సంబంధమే లేదు. ఆ బిడ్డను పేద దంపతుల నుంచి కొన్నారని పోలీసులు చెప్పారు. ఆ కేంద్రం లైసెన్సు గడువు 2021లోనే తీరిపోయిందని కూడా అప్పుడే బయటపడింది. బోర్డు మాత్రం వెలుగుతూనే ఉంది.

కాబట్టి తమ్ముడూ, ఆ రోజు క్యూలో చెప్పలేని జవాబు ఇదీ. ఆ డెబ్భై శాతానికి హారం ఏమిటో అడుగు. మీ ఆవిడ వయసు వాళ్ళలో, మొదలుపెట్టిన ప్రతి వందమందికి ఎందరు బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళారో అడుగు. రిజిస్ట్రేషన్ నంబరు, దాని గడువు తేదీ కాగితం మీద చూడు, గోడ మీద కాదు. ఐ.ఎస్.ఓ. 9001 అని చూపిస్తే సంతోషించు కానీ, అది ఆఫీసు నడిపే పద్ధతికి ఇచ్చేది, పిండాలు పెంచే నేర్పుకు ఇచ్చేది కాదు. రెండో సంతకం ఎవరు పెడతారో అడుగు. ల్యాబులో పనిచేసే మనిషితో పది నిమిషాలు మాట్లాడనివ్వమను. విసుక్కుంటే ఇంకో చోటికి వెళ్ళు. ఇక్కడైనా, అక్కడైనా ఇవే ప్రశ్నలు.

మా కేంద్రం నుంచి ఏటా జనవరిలో ట్యాంకు అద్దె బిల్లు వస్తుంది. ఈసారి బిల్లుతో పాటు ఒక చిన్న కాగితం కూడా పెట్టారు. అద్దె పెంచామని మొదటి వాక్యం. ప్రతి నెలా మొదటి బుధవారం అలారం పరీక్షిస్తున్నామని రెండో వాక్యం. మా ఆవిడ మొదటి వాక్యం దగ్గర ఆగి నిట్టూర్చింది. నేను రెండో వాక్యం ఇంకోసారి చదువుకుని చెక్కు రాశాను.