మెట్లు ఎక్కలేనివారు ఇంట్లో ఉంటే.. ర్యాంపు కట్టించాలా, మెట్ల లిఫ్టు పెట్టించాలా?

తుంటి ఎముక ఆపరేషన్ అయింది. రేపు డిశ్చార్జి. వీల్‌చైర్ కూడా కొనేశారు. తీరా గేటు దగ్గరికి వచ్చాక కనిపిస్తాయి, వరండాలోకి వెళ్లడానికి ఉన్న ఆ నాలుగు మెట్లు. ఇన్నేళ్లూ వాటిని ఎవరూ లెక్కపెట్టి ఉండరు. చాలా ఇళ్లలో ర్యాంపు ఆలోచన మొదలయ్యేది అప్పుడే, అదీ హడావుడిగా. అందుకే పొరపాట్లు జరుగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు ఒకటుంది. 'ర్యాంపు ఎందుకు, బైకు ఎక్కించేది ఉందిగా' అనుకోవడం. బైకుకు ఇంజిన్ ఉంటుంది, వీల్‌చైర్‌ను మనిషి తోయాలి. గేటు ముందు ఉండే ఆ నిటారు వాలు మీద పెద్దాయనను కూర్చోబెట్టి పైకి తోయడం కష్టం, కిందికి దించడం ఇంకా ప్రమాదం.

ర్యాంపు ఎంత పొడవు ఉండాలి?

లెక్క సులువే. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవు కావాలి. భవనాల్లో అందరికీ సౌలభ్యం కోసం కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ గరిష్ఠ వాలు ఇదే, అంటే 1:12. మీ ఇంటికి ఆరంగుళాల మెట్లు నాలుగు ఉంటే ఎత్తు 2 అడుగులు, ర్యాంపు 24 అడుగులు. రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా పునాదిని 3 అడుగులు లేపి కట్టుకున్న ఇల్లయితే 36 అడుగులు. ఈ అంకె వినగానే చాలామంది 'మన స్థలంలో కుదరదు' అంటారు. తిన్నగానే కట్టాలని లేదు. ప్రహరీ వెంట కొంత దూరం తీసుకెళ్లి, మలుపు తిప్పి వెనక్కి తేవచ్చు. మలుపు దగ్గర, తలుపు ముందు 5 అడుగుల చదరం సమతలంగా ఉండాలి. వీల్‌చైర్ తిరగడానికి, తలుపు తీసేవరకు జారకుండా ఆగడానికి అది అవసరం. తిన్నగా కట్టినా 30 అడుగులు దాటకముందే మధ్యలో ఒక సమతలం వదలాలి.

ఎత్తును కంటితో అంచనా వేయొద్దు. మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ల ట్యూబ్‌తో లెవెల్ చూడమనండి. వెడల్పు 4 అడుగులు. రెండు వైపులా రెయిలింగ్, వీలైతే రెండు వరుసల్లో: రెండున్నర అడుగుల ఎత్తులో ఒకటి, మూడడుగుల ఎత్తులో ఒకటి. చక్రం పక్కకు జారకుండా అంచుల్లో చిన్న గట్టు. పైన నునుపు టైల్స్, పాలిష్ గ్రానైట్ వేయొద్దు. అందంగా ఉంటాయి కానీ తొలకరి వాన పడితే తెలుస్తుంది. సిమెంటు పచ్చిగా ఉండగానే చీపురుతో గీతలు లాగిస్తే చాలు, పట్టు ఉంటుంది.

ర్యాంపు మీ హద్దులోనే ముగియాలి. రోడ్డు మీదికో, మురుగు కాలువ మీదికో వస్తే మున్సిపాలిటీ తొలగించవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నా, ఒకటి రెండు మెట్లే ఉన్నా మడతపెట్టే అల్యూమినియం ర్యాంపు సరిపోతుంది. దానికీ 1:12 లెక్కే.

ర్యాంపు పూర్తయ్యాక గడప అడ్డం వస్తుంది. గడప తీయడానికి ఇంట్లో ఒప్పుకోరు, తీయనక్కర్లేదు కూడా. రెండు వైపులా చిన్న వాలు చెక్కలు పెడితే చాలు. బాత్రూమ్ తలుపు మాత్రం ముందే కొలవండి. చాలా ఇళ్లలో అది రెండున్నర అడుగులే. వీల్‌చైర్ పట్టినా, చక్రం తిప్పే చేతులకు చోటుండదు.

మెట్ల లిఫ్టు ఎవరికి?

మెట్ల వెంట బిగించిన పట్టా మీద కుర్చీ జారుతూ పైకి వెళ్తుంది. పట్టాను సాధారణంగా మెట్లకే బిగిస్తారు, గోడ పగలగొట్టే పని ఉండదు. చాలా మోడళ్లు బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినా మధ్యలో ఆగిపోవు. అయితే మనిషి నిటారుగా కూర్చోగలగాలి, వీల్‌చైర్ నుంచి ఆ కుర్చీలోకి మారగలగాలి. పైన దిగాక వాడుకోవడానికి ఇంకో వీల్‌చైర్ ఉండాలి. కూర్చోలేని వారికి వీల్‌చైర్‌తో సహా ఎక్కించే ప్లాట్‌ఫాం లిఫ్టు చూడాలి.

మెట్లు తిన్నగా ఉంటే ఖర్చు తక్కువ. మన ఇళ్లలో ఎక్కువగా సగంలో మలుపు తిరిగే మెట్లే. వాటికి పట్టాను కొలిచి తయారుచేస్తారు. ధర బాగా పెరుగుతుంది, ఇల్లు మారితే ఆ పట్టా పనికిరాదు. మెట్లు ఇంటి బయట ఉంటే ఎండావానలకు తట్టుకునే మోడలే అడగండి. పైన దిగేటప్పుడు లోపలి వైపు తిరిగే కుర్చీ, బెల్టు, అడ్డు తగిలితే ఆగే సెన్సార్ ఉన్నాయో లేదో చూడండి. మీ ఊరికి మెకానిక్ ఎన్ని రోజుల్లో వస్తాడో కాగితం మీద రాయించుకోండి.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న: పడక కిందికి మార్చలేమా? కింది వాటా అద్దెకిచ్చి పైన ఉంటున్నవారు లక్షలు పెట్టి లిఫ్టు బిగించే బదులు వాటాలు మార్చుకోవడం నయం.

ప్రభుత్వం ఏమిస్తుంది?

60 ఏళ్లు దాటిన పేదలకు వీల్‌చైర్, చేతికర్ర, వాకర్ వంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు, లేదా నెల ఆదాయం రూ.15 వేలు దాటనివారు అర్హులు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి అడిప్ పథకం ఉంది, యూడీఐడీ కార్డు తీసుకుని ఉంటే పని తేలిక. ఈ రెండింట్లో వచ్చేవి పరికరాలే. ర్యాంపు నిర్మాణం, మెట్ల లిఫ్టు వాటిలో లేవు, ఆ ఖర్చు మీదే.

ఆదాయపు పన్ను పాత విధానంలో వేసేవారికి వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుడు తమపై ఆధారపడి ఉంటే రూ.75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే రూ.1.25 లక్షలు మినహాయింపు ఉంది. పెద్దలకు సంబంధించిన పథకాల వివరాలకు ఎల్డర్‌లైన్ నంబరు 14567. తెలుగులో మాట్లాడవచ్చు.