నేల క్రింది లండను

నా చిన్ననాట, ఆషాఢమాసపు తొలివాన కురియబోవుచున్నదనగా మా అమ్మమ్మ గడపకు అడ్డముగా నాలుగిటుకలు పేర్చి, సందులకు బంకమన్ను మెత్తెడిది. వీధికాలువ పొంగి ఊరివారందరి మురుగును ఇంటిలోనికి తెచ్చుననుటలో ఆమెకు సందేహము లేదు. ఆ యిటుకలే మాకు పారిశుద్ధ్యశాఖ. ఆ సంగతి తలచుకొనినపుడెల్ల నాకు లండను జ్ఞప్తికి వచ్చును. ఆనాటి లోకమున కెల్ల పెద్దదైన ఆ మహానగరము 1858 వేసవిలో, మా అమ్మమ్మవలెనే, అడ్డము పెట్టుకొనవలసి వచ్చెను. ఇటుకలు గావు, సున్నపు క్లోరైడులో తడిపిన తెరలు. వానిని పార్లమెంటు భవనపు కిటికీలకు వ్రేలాడదీసిరి. ఆ యేటి జూన్ ఎండలకు థేమ్సు నది కుళ్లి, సభ్యులు ముక్కు మూసుకొనక కూర్చుండలేకపోయిరి. చరిత్రకారులు దీనిని మహాదుర్గంధమందురు.

ఈ దుర్గతి ఒక్కనాడు వచ్చినది కాదు. పూర్వము అచ్చటి యిండ్ల క్రింద మలకూపము లుండెడివి. రాత్రివేళ కూలివాండ్రు వానిని తోడి పొలములకు ఎరువుగా అమ్ముకొనెడివారు. వీధుల క్రింది కాలువలు వాననీటికి గాని యింటిమురుగునకు గావు. 1815 వరకు ఇంటి గొట్టమును వానికి కలుపుట నేరము. నీరుపోసి కడుగు మరుగుదొడ్లు వాడుకలోనికి వచ్చినకొలది కూపములు నిండి పొరలసాగెను. 1840 దశకపు చివర ఎడ్విన్ చాడ్విక్ మొదలగు సంస్కర్తలు కూపములను మూసి యిండ్లను కాలువలకు కలుపుడనిరి. వారి యుద్దేశము మంచిదే. ఇండ్లు శుభ్రపడెను. కాని కాలువలు నేరుగా నదిలో పడుచుండెను. ఆ నదినుండియే కొన్ని కంపెనీలు త్రాగునీరు తోడి యమ్ముచుండెను. చాడ్విక్కును నిందించుటకు నాకు మనసొప్పదు. దుర్గంధమే రోగహేతువని నాటి పండితులలో పెక్కురు నమ్మిరి.

1853-54 కలరాలో లండనునందు పదివేలకు పైగా ప్రాణములు పోయెను. 1854 లో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీధి పంపు చుట్టును మృతులను లెక్కించి, రోగము గాలిలో గాదు, నీటిలో నున్నదని చూపెను. నమ్మినవారు కొద్దిమంది. మరుసటియేట మైకేల్ ఫారడే పడవలో పోవుచు తెల్లకాగితపు ముక్కలు నదిలో విడిచి చూచెను. అంగుళము లోతునకు దిగకమున్నే అవి కనబడకపోయెనని పత్రికకు వ్రాసెను.

జోసెఫ్ బాజల్గెట్ అను ఇంజనీరు పథకము సిద్ధముగానే యుండెను. ధనమెవ్వరిది, మురుగును ఎచ్చట విడువవలెనను వాదములతో కాలము గడచుచుండెను. పేదలు వేలకొలది చచ్చినపుడు లేని తొందర, వాసన సభ్యుల ముక్కులకు సోకగనే పుట్టెను. జూలై 15 న డిజ్రేలీ తెచ్చిన బిల్లు ఆగస్టు 2 నాటికి చట్టమయ్యెను.

పథకము చెప్పుటకు సులభము. పాత కాలువలన్నియు నదివైపు దిగుచుండెను. బాజల్గెట్ వానికి అడ్డముగా, నదికి సమాంతరముగా, ఉత్తరమున మూడు, దక్షిణమున రెండు పెద్ద కాలువలు త్రవ్వించి, మురుగును నదిలో పడకమున్నే పట్టి, నగరమునకు దూరముగా తూర్పునకు నడిపించెను. మొత్తము 82 మైళ్లు. ఏటవాలులోనే కిటుకంతయు నున్నది: ప్రవాహము మందమైన అడుసు పేరుకొనును, మిక్కిలి వడిగలదైన ఇటుక అరుగును. మైలునకు సుమారు రెండడుగుల వాలు ఉంచిరి. గ్రుడ్డు నిలువునా నిలిపినట్లు కాలువ అడుగు ఇరుకుగా, పైభాగము వెడల్పుగా కట్టిరి. నీరు కొంచెమైనను ఇరుకులో వడిగా పారి అడుగును తానే కడుగుకొనును. పల్లపుచోట్ల ఆవిరియంత్రములు మురుగును పైకెత్తెను: క్రాస్‌నెస్‌లో 1865 నుండియు, అబీ మిల్సులో 1868 నుండియు. కాలువల తుదిని జలాశయమున నిలువచేసి, పోటు తీసిన పిమ్మట విడిచెడివారు. 31 కోట్ల 80 లక్షల ఇటుకలు పట్టెనట. నాకు అన్నిటికంటె ముచ్చటగొల్పునది వేరొకటి: అప్పటికి క్రొత్తదైన పోర్ట్‌లండు సిమెంటును బాజల్గెట్ పరీక్షింపక వాడనీయలేదు. నేల క్రింది పని యెవ్వరును చూడరు గదా యని ఆయన అనుకొనలేదు.

1866 లో కలరా మరల వచ్చెను. క్రొత్త కాలువలు ఇంకను కలియని తూర్పుపేటలలో అయిదువేలకు పైగా చనిపోయిరి; కాలువలు కలిసిన పేటలు చాలవరకు బ్రతికిపోయెను. స్నో మాట అప్పుడు నిలిచినది. ఆయన మాత్రము లేడు. 1858 జూన్‌లో, ఆ దుర్గంధపు నెలలోనే, గతించెను.

పథకమున లోపములు లేకపోలేదు. 1878 లో ప్రిన్సెస్ ఆలిస్ అను పడవ ఆ మురుగు వదలుచోటనే మునిగి ఆరువందలకు పైగా జనులు మరణించిరి. తరువాత మడ్డిని వేరుచేసి, ఓడలపై కొనిపోయి సముద్రమున పారవేసిరి. ఆ పద్ధతి 1998 వరకు సాగెను. వాననీరును మురుగును ఒకే కాలువలో పారించుట మరియొక లోపము. పెద్దవాన వచ్చిన ఇండ్లు మునుగకుండుటకై నదిలోనికి తూములు ముందుగనే పెట్టిరి. జనము పెరిగినకొలది చిన్నవానకే అవి తెరచుకొనసాగెను. ఆ పొంగును పట్టుటకై నది క్రింద 25 కిలోమీటర్ల పొడవున, 7.2 మీటర్ల వ్యాసముతో త్రవ్విన టైడ్‌వే సొరంగము 2025 లో పూర్తిగా కలిసెను.

వాననీటికి వేరు గొట్టము, ఇంటిమురుగునకు వేరు గొట్టము వేసిన నగరములలో సయితము పొంగు తప్పలేదు. చెట్ల వేళ్లు అతుకులలో దూరును. పగుళ్లగుండ వాననీరు లోనికి దిగును. వంటయింటి నూనె చల్లారి గోడలకు పట్టును. అందుచేత పనివారు గొట్టములలోనికి కెమెరాలు పంపి చూతురు. వడిగల నీటిధారతో కడుగుదురు. పగిలినదానికి లోపల క్రొత్తపూత వేయుదురు. హోటళ్లవద్ద జిడ్డును ఆపు తొట్లు పెట్టింతురు. 2017 లో లండను వైట్‌చాపెల్‌లో, బాజల్గెట్ నాటి కాలువయందే, 250 మీటర్ల పొడవున 130 టన్నుల క్రొవ్వుగడ్డ బయటపడెను. అది రాయివలె గట్టిపడియుండెను. మనుష్యులు దిగి పారలతోను నీటిధారలతోను వారములకొలది కొట్టిరి. అందొక ముక్కను మరుసటియేట లండను మ్యూజియములో గాజుపెట్టెలో పెట్టగా జనులు చూడబోయిరి. పెట్టెకు గట్టిగా మూత వేసియుండినను, లోపల ఈగలు పుట్టెను.